లక్క వాసన

మొన్న నాన్న సంవత్సరీకానికి విజయవాడ వెళ్ళాను. కార్యక్రమం అయిపోయి, భోజనాలు చేసిన చుట్టాలు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటుంటే, తమ్ముడు అటక మీంచి పాత రేకు పెట్టె దింపాడు. "నీక్కావాల్సినవి ఏమన్నా ఉంటే తీసుకో అక్కా, మిగతావి పాతసామాన్ల బండికి వేసేస్తా" అన్నాడు. మూత తీయగానే ముందు కలరా ఉండల వాసన కొట్టింది. దాని వెనకాలే సన్నగా ఇంకో వాసన. లక్క.

లక్క అంటే ఈ కాలం పిల్లలకు తెలుసో తెలియదో. పోస్టాఫీసులో పార్సిల్ ముడి మీద ఎర్రగా కరిగించి పోసి, పైన ఇత్తడి ముద్ర నొక్కేవాళ్ళు చూడండి, అది. కొవ్వొత్తి మంటకు పెడితే చుక్కలు చుక్కలుగా కారుతూ, కాస్త సాంబ్రాణిలా, కాస్త మాడిన బెల్లంలా వాసన వేస్తుంది. మా ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే ఓట్లు అయిపోయాయనీ, నాన్న ఇంటికొచ్చేశాడనీ అర్థం.

నాన్న లెక్కల మాస్టారు. సత్యనారాయణపురంలో రైలు పట్టాలకు దగ్గర్లో మా అద్దె ఇల్లు. ఇప్పుడు ఆ పట్టాల్లేవు, వాటి మీదే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. అప్పుడైతే రైలు వెళ్తుంటే స్టాండు మీది గ్లాసులు గలగలమనేవి. బడి, సైకిలు, సాయంత్రం ట్యూషన్లు తప్ప నాన్నకు ఇంకో లోకం ఉండేది కాదు. ఎన్నికల డ్యూటీ ఆర్డరు వచ్చిన రోజు నుంచి మాత్రం ఆయన మా నాన్న కాదు, సర్కారు మనిషి. వీధిలో ఎవరైనా పార్టీల మాట ఎత్తితే సైకిల్ దిగకుండానే వెళ్ళిపోయేవాడు.

పెట్టెలో ఏమున్నాయంటే, సగం వాడిన లక్క కడ్డీ, పురికొస ఉండ, చిట్టి కొవ్వొత్తి ముక్క, తుప్పు పట్టిన గుండుసూదులు, అట్ట చిరిగిన పొడుగు పుస్తకం. ఆ పుస్తకం సంగతి తర్వాత చెప్తాను.

*

డ్యూటీ ఎక్కడ పడుతుందోనని అమ్మకు టెన్షన్. పటమటలోనో వన్ టౌన్‌లోనో పడితే అదృష్టం. మైలవరం అవతల, జగ్గయ్యపేట అవతల పడితే ముందురోజు పొద్దున వెళ్ళిన మనిషి మూడోరోజు తెల్లవారుజామున తిరిగొచ్చేవాడు. పెరుగన్నం నిలవుండదని చింతపండు పులిహోర కలిపి విస్తరాకులో కట్టేది. జంతికలు, మాగాయ ముక్కలు, దుప్పటి, చెంబు, టార్చిలైటు సర్దేది. ఇంత మూటెందుకు, ఆ ఊళ్ళో ఎవరో ఒకరు భోజనం పెట్టరా అని మేం అడిగితే, పెడతారు, అందుకే ఈ మూట అనేవాడు నాన్న. పార్టీ ఏజెంటు ఇంటి కాఫీ తాగిన ప్రిసైడింగ్ ఆఫీసరు, పరీక్ష రోజున పిల్లాడింట్లో అట్లు తిన్న మాస్టారు ఒకటేనట.

బ్యాలెట్ పెట్టె ఎలా ఉంటుందో ఆయన మాకు అమ్మ పోపులపెట్టెతో చూపించాడు. పొద్దున ఏజెంట్ల ముందు పెట్టెను బోర్లించి, తట్టి, ఖాళీగా ఉందని చూపించాలి. తర్వాత కాగితం సీలు, దాని మీద వాళ్ళ సంతకాలు. అప్పుడు మూత. పోలింగ్ అయ్యాక కన్నం మూసి, దారం కట్టి, లక్క. ఓ ఆదివారం మా ఇంట్లో ఎన్నికలు పెట్టాం. వంకాయా, బీరకాయా? ఓటర్లం అయిదుగురం. నాయనమ్మ బీరకాయ అని పైకే అరిచింది, రహస్య ఓటింగని చెప్పినా వినలేదు. తమ్ముడు రెండు చీటీలు వేశాడు. లెక్కపెడితే ఆరు ఓట్లు వచ్చాయి. నాన్న ఎన్నిక రద్దు చేశాడు. అమ్మ పప్పు చేసింది.

ఓటు ముద్ర గురించి ఆయన చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ బాగుంటుంది నాకు. బాణాలు అడ్డంగా నిలువుగా పెట్టినట్టుండే ఆ స్వస్తిక్ ముద్ర ఎందుకు, ఓ చుక్కో ఇంటూ మార్కో చాలదా అని అడిగాను. నాన్న స్టాంపు ప్యాడు మీద ఏదో అద్ది, కాగితం మీద గుద్ది, మడతపెట్టి విప్పాడు. తడి సిరా అవతలి సగంలో కూడా అంటింది. రెండు ముద్రలు. "ఇప్పుడు చెప్పు, ఏది అసలుది? చుక్కయితే చెప్పలేవు. ఆ ముద్రకు చేతులు ఒకే వైపు తిరిగుంటాయి. మడతలో అంటుకుంటే అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. లెక్కపెట్టేవాడు చూడగానే అసలు ఓటెవరికో చెప్పేస్తాడు." దీన్ని కనిపెట్టినవాడు తప్పకుండా లెక్కల మనిషే అయ్యుంటాడని ఆయన నమ్మకం.

తిరిగొచ్చాక చొక్కా మీద ఎర్రగా రెండు మూడు లక్క చుక్కలుండేవి. అమ్మ గోటితో గీకుతూ సణిగేది. మేం మాత్రం సంచీ మీద పడేవాళ్ళం. సామాన్లలో మిగిలిన పురికొస తమ్ముడికి, కొవ్వొత్తి ముక్కలు నాకు. కరెంటు పోయిన రాత్రుల్లో ఆ ఎన్నికల కొవ్వొత్తి వెలుగులో చదువుకున్నాను. అది సర్కారు సొమ్మని నాన్నకు గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

*

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ బెజవాడకు ఎవరెవరు ఎంపీలుగా చేశారో ఆవిడకు పురాణంలా వచ్చు. 1952లో మొదటి ఓటు వేసింది. అప్పట్లో మనది మద్రాసు రాష్ట్రం. ముద్ర గుద్దడం లేదు, అభ్యర్థికో పెట్టె ఉండేది, దాని మీద గుర్తు అంటించేవారు, మన కాగితం నచ్చినవాళ్ళ పెట్టెలో పడెయ్యడమే. "మేలుగా ఉండేది. చదువురానివాళ్ళకు అంతకంటే ఏం కావాలి" అనేది.

ఆ ఎన్నికల్లో గెలిచింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తమ్ముడు. కవి, పాటగాడు, నాటకాలాయన. తర్వాత్తర్వాత హిందీ సినిమాల్లో తాత వేషాలు కూడా వేశాడు. ఇండిపెండెంటుగా నిలబడితే వెనక కమ్యూనిస్టులున్నారు. బెజవాడ అప్పటికే ఎర్రజెండా ఊరు. తెలుగు మనిషి కాడు, ఈ ఊరివాడు కాడు, అయినా గెలిపించారు. "పాటలాయన" అనేది నాయనమ్మ, పేరు నోరు తిరగక. 1957లో "డాక్టరమ్మ". అంటే కొమర్రాజు అచ్చమాంబ, లక్ష్మణరావు పంతులుగారి కూతురు. అప్పటికి కాంగ్రెస్. రెండో ఎన్నికకే ఆడమనిషిని పార్లమెంటుకు పంపిన ఊరు మాది అని నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది, తనే పంపినట్టు.

1962 నుంచి వరసగా మూడుసార్లు కె.ఎల్.రావు. కంకిపాడు మనిషి, ఇంజనీరు, కేంద్రంలో నీటిపారుదల మంత్రి. పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే. నాన్న మొదటి ఓటు 1962లోనే. ఎవరికేశారని అమ్మ పెళ్ళయిన కొత్తల్లో అడిగిందట. చెప్పలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళు అడుగుతూనే ఉంది, ఆయన చెప్పకుండానే ఉన్నాడు. "లెక్కల మాస్టారు ఇంజనీరుకు కాక ఇంకెవరికేస్తాడులే" అని తనకు తనే తేల్చుకుంది.

ఆ మూడుసార్లు తీసేస్తే, ఈ ఊరు ఎవరినీ ఎక్కువకాలం కుదురుగా కూర్చోనివ్వలేదు.

*

నా బుర్రలో ఉన్న మొదటి ఎన్నికల శబ్దం 1977ది. రిక్షా మీద మైకు. "ఆవూ దూడ గుర్తుకే" అని సాగదీస్తూ వీధి చివర మలుపు తిరిగేది. కాగితాలు విసిరితే పిల్లలం ఎగబడేవాళ్ళం. గులాబీ రంగువి, పసుపువి, చేత్తో రుద్దితే సిరా అంటుకునేవి. వాటి వెనక తెల్లవైపు నాన్న మాతో ఎక్కాలు రాయించేవాడు. ఉత్తరాదిన ఇందిర పార్టీ కొట్టుకుపోయినా మన రాష్ట్రంలో 42కి 41 సీట్లు గెలిచింది. ఇక్కడ గెలిచిన గోడే మురహరి లోక్‌సభలో డిప్యూటీ స్పీకర్ అయ్యారు.

ఆ తర్వాత 1980లో చెన్నుపాటి విద్య. గోరాగారమ్మాయి. పటమటలో నాస్తిక కేంద్రం వాళ్ళది. మా నాయనమ్మ ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి మెట్లెక్కే మనిషి. "దేవుడు లేడనేవాళ్ళ పిల్లకి అమ్మవారి ఊళ్ళో ఓట్లా!" అని రెండ్రోజులు బుగ్గలు నొక్కుకుంది. మూడోరోజు, "అయినా ఆడవాళ్ళకు ఆసరాగా ఉంటోందిగా, అమ్మవారు ఏమనుకోదులే" అంది. అమ్మవారు కూడా ఏమనుకోలేదు, ఆవిడ గెలిచారు.

ఇంతలో రామారావు గారు పార్టీ పెట్టారు. ఊరి గోడలు ఒక్కసారిగా పసుపెక్కాయి. జింఖానా గ్రౌండ్స్‌లో మీటింగంటే సాయంత్రం ఆరింటికి అని చెప్పేవాళ్ళు. మనిషి వచ్చేసరికి ఏ అర్ధరాత్రో. వేరుశెనక్కాయలు అయిపోయి, పిల్లలు ఒళ్ళో నిద్రపోయి, అయినా ఎవరూ కదిలేవారు కాదు. 1984 డిసెంబర్‌లో ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ వైపు వెళ్తే మన రాష్ట్రం 30 సీట్లు తెలుగుదేశానికి ఇచ్చింది. అందులో మాదొకటి, వడ్డే శోభనాద్రీశ్వరరావు. అంటే ఒకే చోట అయిదేళ్ళలో అటు నుంచి ఇటు.

ఫలితాలు ఇప్పటిలా ఫోన్లో రావు. బెజవాడంటే పత్రికల ఊరు. గవర్నరుపేట వైపు ఓ పత్రికాఫీసు ముందు నల్లబల్ల పెట్టేవాళ్ళు. ఓ కుర్రాడు లోపల్నుంచి చీటీ తెచ్చి, స్టూలెక్కి, సుద్దముక్కతో అంకె తుడిచి కొత్త అంకె రాసేవాడు. తుడుస్తుంటేనే జనంలో ఓ మూల నుంచి ఈల, ఇంకో మూల నిశ్శబ్దం. నేను నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద, తమ్ముడు వెనక క్యారేజీ మీద. నాన్న అంకెలు చూసి పెదాలు కదిలించేవాడు, తీసివేతలు. ఇంటికొస్తే రేడియో, తర్వాత్తర్వాత దూరదర్శన్. మధ్యమధ్య ఫలితాలు చెప్తూ రాత్రంతా హిందీ సినిమాలు వేసేవాడు. ఓట్ల లెక్కింపంటే మా తమ్ముడికి ఇప్పటికీ సినిమాలే.

1988 డిసెంబర్ 26 గురించి ఎక్కువ రాయను. నిరాహార దీక్షలో ఉన్న కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను చంపేశారు. తెల్లారి ఊరు కాలింది. మా డాబా మీంచి పొగ ఎటు చూసినా. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో నాన్న సైకిల్ వేసుకుని పాలూ బియ్యం తెచ్చేవాడు. ఆ తర్వాత నవంబర్‌లో ఓట్లొచ్చాయి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించిన ఏడాది అది, లేకపోతే పందొమ్మిదేళ్ళ నాకు దక్కేది కాదు. వరసలో నిలబడ్డ మనుషులు మాట్లాడుకోలేదు, అది బాగా గుర్తు. ఊరు మళ్ళీ కాంగ్రెస్‌కు, మళ్ళీ విద్యగారికి తిరిగింది. 1991లో మళ్ళీ వడ్డే. వీధి చివర టీకొట్టాయన దీనికి "లోలకం" అని పేరు పెట్టాడు. ఆయన కొట్లో పందేలు కాసేవాళ్ళు. సగం మీసం, సగం గుండు, నెలరోజుల టీ ఖర్చు. ఒకాయన సగం మీసంతో నెల తిరిగాడు. ఆయన కూతురి పెళ్ళి అప్పుడే. ఫోటోలన్నీ పక్కకు తిరిగి దిగాడు.

*

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. నాన్న రిటైరయ్యాక గానీ మాకు చెప్పలేదు.

మైలవరం అవతల ఓ పల్లెటూళ్ళో డ్యూటీ. బడి వరండాలో పోలింగ్. మధ్యాహ్నం ఎండ. ఒక ముసలావిడ కాగితం తీసుకుని అట్టల చాటుకు వెళ్ళింది, ముద్ర గుద్దింది. కాగితాన్ని పెట్టెలో వేయకుండా కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. పెట్టె దగ్గరి ఉద్యోగి మంచినీళ్ళు తాగుతున్నాడు, చూడలేదు. ఏజెంట్లలో ఒకడు చూసి కేకేశాడు. తలారి పరిగెత్తి ఆవిణ్ణి మళ్ళీ తీసుకొచ్చాడు. కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం నాన్న చేతిలో పెట్టింది. కొడుక్కి చూపిద్దామని తీసుకెళ్ళిందట, సరిగ్గా గుద్దిందో లేదోనని.

రూలు ప్రకారం గది దాటి బయటకెళ్ళిన కాగితం పెట్టెలో పడకూడదు. ఏజెంట్లిద్దరూ "పోనీలెండి మాస్టారూ, వేయించండి" అన్నారట. ఇద్దరూ ఎవరికి వారు అది తమ ఓటే అనుకున్నారు కాబోలు. నాన్న ఒప్పుకోలేదు. కాగితం వెనక 'రద్దు' అని రాసి, విడిగా కవర్లో పెట్టి, అతికించాడు. ఆ కవరు మీద కూడా లక్క వేశాడు.

ఆవిడ వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "పొద్దున్నే వచ్చి నిలబడ్డా అయ్యా. నా ఓటు చెల్లదా?" అని అడిగింది. చెల్లదమ్మా అన్నాడు నాన్న. "కాసేపయ్యాక మళ్ళీ వస్తే?" అంది. రాకూడదమ్మా అన్నాడు.

ఇది చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు. "క్లాసులో పిల్లాడు స్టెప్పు తప్పితే సగం మార్కులైనా వేస్తాను అమ్మాయ్. ఆవిడకు సున్నా వేశాను" అన్నాడు. తప్పేముంది, రూలేగా అన్నాను. "రూలు తప్పని నేనెప్పుడన్నాను?" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

*

నాకు పెళ్ళయి గుంటూరు బ్రాడీపేట వచ్చాను. ఓటు కూడా నాతో పాటు కృష్ణ దాటింది. మా మామగారు రైతు నాయకుడు ఎన్.జి.రంగా గారి మనిషి. 1980 నుంచి వరసగా మూడుసార్లు గెలిపించి, 1991లో ఆ పెద్దాయన్ని లాల్‌జాన్ బాషా చేతిలో ఓడించిన ఊరు గుంటూరు. ఆ సంగతి ఎత్తితే మామగారు అన్నం ముందు నుంచి లేచేవారు. కాబట్టి ఎత్తేవాళ్ళం కాదు.

అటు ఎన్నికల కమిషనరుగా శేషన్ వచ్చాడు. గోడల మీద రాతలు తగ్గాయి, మైకులు రాత్రి పదికి మూగబోయేవి. అంతకుముందు మా ప్రహరీ గోడ మీద రాత్రికి రాత్రి ఒక పార్టీవాళ్ళు రాస్తే, నాన్న పొద్దున్నే సున్నం కొట్టేవాడు, మర్నాడు రెండోవాళ్ళు రాస్తే మళ్ళీ సున్నం. శేషన్ పుణ్యమా అని సున్నం ఖర్చు మిగిలిందని సంతోషించాడు గానీ, వీధి బోసిపోయిందని కూడా అన్నాడు. 1996లో చివరి డ్యూటీ చేసి రిటైరయ్యాడు. ఆ ఏడు పర్వతనేని ఉపేంద్ర గెలిచారు. ఒకప్పుడు తెలుగుదేశం తరఫున వి.పి.సింగ్ దగ్గర సమాచార మంత్రి, ఇప్పుడు కాంగ్రెస్ అభ్యర్థి. 1998లో మళ్ళీ ఆయనే, 1999లో తెలుగుదేశం నుంచి గద్దె రామ్మోహన్. నాలుగేళ్ళలో మూడు ఎన్నికలు. వాటిలో రెండింటికి నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఓట్ల ముందురోజు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక వరండాలో పచార్లు చేసేవాడట. అమ్మ జాలిపడి పులిహోర చేసింది.

ఆ తీరికలోనే పొడుగు పుస్తకం మొదలైంది. మొదట పేర్లు, పార్టీలు, 1952 నుంచి. తర్వాత మెజారిటీ గడి. దాని పక్కన ఎర్రసిరాతో ఇంకో గడి, పైన 'మనసు మారితే' అని రాసుంది. అందులో ప్రతిసారీ మెజారిటీలో సగం కంటే ఒక్కటి ఎక్కువ. నాకు మొదట అర్థం కాలేదు. 2009లో లగడపాటి రాజగోపాల్ రెండోసారి 12,712 ఓట్లతో గెలిచినప్పుడు ఫోన్ చేస్తే వివరించాడు. "పన్నెండు వేలు కాదు. ఇటు వేసినవాళ్ళలో ఆరువేల మూడువందల యాభై ఏడుగురు అటు వేసుంటే ఫలితం తిరగబడేది. ఒకడు మారితే రెండు ఓట్ల తేడా కదా." టీవీలో ఏ విశ్లేషకుడూ ఇలా చెప్పడేమని ఆయన ఫిర్యాదు.

అప్పటికి మిషన్లు వచ్చేశాయి. 2004 నుంచి అంతా మిషన్లే. ఆ ఎన్నికలో పారిశ్రామికవేత్త లగడపాటికీ, సినిమా నిర్మాత అశ్వనీదత్‌కూ పోటీ. నాన్న ఓటు వేసొచ్చి, "కుయ్యిమంది" అన్నాడు, అంతే. మిషన్లకు కూడా లక్క సీలు వేస్తారని తమ్ముడు చెప్పాడు. వేస్తారేమో, మా ఇంటికి మాత్రం ఆ వాసన మళ్ళీ రాలేదు. లగడపాటి రాజకీయాలు వదిలేశాక సర్వేలు చెప్పేవారు. ఊళ్ళో పందేలన్నీ వాటి మీదే. 2019లో ఆ సర్వే నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు. సగం మీసం రోజులే నయం.

2019. ఏప్రిల్ 11న ఓట్లు వేసి మే 23 దాకా ఆరువారాలు కూర్చున్నాం. ఆ రోజు రాత్రి నేను గుంటూరులో, నాన్న బెజవాడలో, చెరో టీవీ ముందు. రాష్ట్రంలో 25కి 22 జగన్ పార్టీకి వెళ్ళిపోయాయి. మిగిలిన మూడూ శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు. మా రెండు ఊళ్ళూ అర్ధరాత్రి దాకా తేలలేదు. వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు ఎవరికి పడిందో మిషన్ అచ్చువేసే కాగితాలు, లెక్కపెట్టాలట. నాన్నకు అప్పటికి 81. చీటీలు అనగానే ఆయన గొంతు మారింది. "చూశావా, మళ్ళీ కాగితమే కావాల్సొచ్చింది" అన్నాడు. చివరికి మాకు గల్లా జయదేవ్ 4,205తో, వాళ్ళకు కేశినేని నాని 8,726తో.

"మాకు నాలుగువేల మూడువందల అరవై నలుగురు. మీకు?"

"ఉండండి నాన్నా, క్యాలిక్యులేటర్..."

"రెండువేల నూటముగ్గురు! దీనికి క్యాలిక్యులేటరా?"

ఒంటిగంటన్నరకు నాతో తీసివేతలు చేయించాడు.

పుస్తకంలో చివరి వరస 2024. అన్నదమ్ముల పోటీ. తెలుగుదేశంలో తమ్ముడు చిన్ని, అటు పార్టీ మారిన అన్న నాని. 2,82,085 ఓట్ల తేడా. ఎర్రసిరా గడి ఖాళీగా ఉంది. లెక్క రాక కాదు, మర్చిపోయీ కాదు. ఫోన్లో అడిగితే, "ఇందులో చేసేందుకు లెక్కేముంది" అన్నాడు.

*

ఆ ఎన్నికకు నాన్న బూత్‌కు వెళ్ళలేదు. 86 ఏళ్ళు, మోకాళ్ళు. ఎనభై అయిదు దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటని తమ్ముడు ముందే ఫారం నింపి ఇచ్చాడు. వాళ్ళొచ్చే రోజని తెలిసి నేనూ వెళ్ళాను.

నాన్న పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరు ఉద్యోగులు, ఓ కానిస్టేబులు, వీడియో తీసే కుర్రాడు. వాళ్ళలో పెద్దామెకు నా కూతురి వయసుంటుంది, టీచరట. మా డైనింగ్ టేబుల్ మీద అట్టల చాటు పెట్టారు. మమ్మల్ని వంటింట్లోకి వెళ్ళమన్నారు. తెల్లదొకటి, గులాబీదొకటి, రెండు కాగితాలు. కవర్లో కవరు, దాంతో పాటు సంతకం చేయాల్సిన డిక్లరేషన్. ముద్ర లేదు, పెన్నుతో టిక్కు పెట్టడమే.

తలుపు సందులోంచి నాకు నాన్న వీపు కనిపిస్తోంది. కాగితం మడత పెట్టడానికే చాలాసేపు పట్టింది. తర్వాత సంతకం. చెయ్యి వణికి పేరు సగంలో గీత కిందికి జారిపోయింది. ఆ అమ్మాయి ఆ సంతకాన్నీ, ఓటరు కార్డునూ మార్చి మార్చి చూసింది. మాట్లాడలేదు. నాన్న ఆమె మొహం వంకే చూస్తున్నాడు. నేనెప్పుడూ వినని గొంతుతో అడిగాడు.

"ఏమ్మా, చెల్లుతుందా?"

"చెల్లుతుంది తాతగారూ. మీరు చేస్తుంటే నేను చూశాను కదా" అంది ఆ అమ్మాయి. కవరు అంచుకు బంక రాసి, బొటనవేలితో రెండుసార్లు నొక్కి అతికించింది.

ఎండలో పడి వచ్చారు, మజ్జిగ కలుపుతానని అమ్మ గ్లాసులు తీసింది. వద్దమ్మా, డ్యూటీలో తీసుకోకూడదు, మా నీళ్ళు మాకున్నాయని బ్యాగులోంచి సీసా తీసి చూపించింది. వాళ్ళ జీపు వీధి మలుపు తిరిగేదాకా నాన్న వరండాలో నిలబడ్డాడు.

"మజ్జిగ కూడా తాగలేదు" అన్నాడు లోపలికొచ్చి, అమ్మతో. ఆ మాట సాయంత్రం లోపల ఇంకో రెండుసార్లు అన్నాడు.